పిస్టల్ తూటాకు తయారైన రివాల్వర్ కొనదగినదేనా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. అమెరికాలో ఉంటున్న మీ దగ్గర ఇప్పటికే ఒక 9 ఎం.ఎం. పిస్టల్ ఉంది. రెండో తుపాకీగా రివాల్వర్ తీసుకోవాలనుకుంటున్నారు. రివాల్వర్ల కోసమే పుట్టిన .38 స్పెషల్ తూటా బదులు 9 ఎం.ఎం.కే తయారైన రివాల్వర్ తీసుకుంటే రెండింటికీ ఒకే తూటా సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది కదా, మరి తెలిసినవాళ్లు ఎందుకు వెనకాడుతున్నారు అని అడిగారు. దానితోపాటు, ఊళ్లో మీ మామయ్యగారి లైసెన్సు మీద ఉన్న .32 రివాల్వర్‌లో .32 పిస్టల్ తూటా వాడవచ్చా అని కూడా అడిగారు. రెండో ప్రశ్న చిన్నదిగా కనిపించినా ప్రమాదంతో ముడిపడినది కాబట్టి దానికి చివర్లో విడిగా సమాధానం చెబుతాను.

నేరుగా చెప్పాలంటే: రేంజిలో తరచుగా కాల్చేవారికి, పోటీల్లో పాల్గొనేవారికి, తుపాకీ బరువైన స్టీలు ఫ్రేముతో ఉన్నదైతే, పిస్టల్ తూటా రివాల్వర్ నిస్సందేహంగా కొనదగినది. ఒంటిమీద పెట్టుకు తిరగడానికి తేలికైన చిన్న రివాల్వర్ కావాలనుకునేవారు మాత్రం తూటాల ఖర్చు కలిసివస్తుందన్న ఒక్క కారణంతో 9 ఎం.ఎం. ఎంచుకోవద్దు, .38 స్పెషలే తీసుకోవాలి. ఈ తేడాకు మూలం తూటా శక్తిలో కన్నా, ఆ తూటాలను ఒక్కటిగా పట్టి ఉంచే మూన్ క్లిప్ అనే పలుచని రేకులోనే ఎక్కువగా ఉంది. ఇలాంటి రివాల్వర్ కొంటున్నామంటే ఆ రేకును కూడా తుపాకీలో ఒక భాగంగా ఒప్పుకుని కొంటున్నామన్నమాట.

నేను టెక్సస్‌లో ఉంటాను, చాలాకాలంగా రివాల్వర్ విభాగంలో పోటీలకు వెళుతున్నాను, నా తూటాలు నేనే నింపుకుంటాను. అందువల్ల ఈ సమాధానం రేంజి అనుభవం వైపు కొంత మొగ్గి ఉంటుంది. మీకు గ్రీన్‌కార్డు ఉందని రాశారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు, కానీ ఇది చదివే మిగతా తెలుగువారి కోసం ఒక మాట చెప్పక తప్పదు. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీగాని తూటాలుగాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి తుపాకీయే కదా, రేంజిలో ఒకసారి పట్టుకుంటే ఏమవుతుంది అనుకునే ముందు లాయర్‌ను అడగండి.

ఇక అసలు విషయానికి వస్తాను. రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్‌లోని గదుల్లో, అంటే చాంబర్లలో ఉంటాయి; పిస్టల్‌లో మ్యాగజైన్ అనే డబ్బీలో ఉంటాయి. రివాల్వర్ తూటాకు అడుగున వెడల్పయిన రిమ్ము, అంటే పొడుచుకువచ్చిన అంచు ఉంటుంది. ఆ రిమ్ము రెండు పనులు చేస్తుంది. తూటా చాంబర్‌లోకి మరీ లోపలికి జారిపోకుండా ఆపడం ఒకటి, కాల్చిన తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ అనే నక్షత్రాకారపు భాగం దాని కింద పట్టు దొరికించుకుని ఖాళీ షెల్లులన్నిటినీ, అంటే మందునూ గుండునూ పట్టి ఉంచిన లోహపు గొట్టాలన్నిటినీ, ఒక్కసారిగా బయటికి తోయడం రెండోది. పిస్టల్ తూటాకు ఇలా పొడుచుకువచ్చిన రిమ్ము ఉండదు, ఎందుకంటే మ్యాగజైన్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు రిమ్ములు ఒకదానికొకటి తట్టుకుని ఇరుక్కుంటాయి. అందుకే 9 ఎం.ఎం., .45 ఏసీపీ తూటాలకు రిమ్ము బదులు షెల్లు అడుగున చుట్టూ ఒక గాడి ఉంటుంది. చాంబర్‌లో తూటా ఎంత లోపలికి వెళ్లాలో షెల్లు మూతి అంచు ఆనడాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అటువంటి తూటాను రివాల్వర్‌లో వేస్తే కాలడానికి ఇబ్బంది లేకపోవచ్చు గాని, ఖాళీ షెల్లును బయటికి తీయడానికి ఎక్స్‌ట్రాక్టర్‌కు పట్టు దొరకదు. పెన్సిల్‌తోనో సన్నని కడ్డీతోనో ఒక్కొక్కటే పొడుచుకోవాలి.

ఈ సమస్యకు పరిష్కారం 1917లో యుద్ధ అవసరం నుంచి పుట్టింది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేసరికి సైన్యానికి కావలసినన్ని .45 ఏసీపీ తూటా వాడే 1911 పిస్టళ్లు లేవు. కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీల దగ్గర పెద్ద ఫ్రేము రివాల్వర్లు తయారుచేసే యంత్రాలు సిద్ధంగా ఉన్నాయి. తూటాలు రెండు రకాలైతే సరఫరా చిక్కుల్లో పడుతుంది కాబట్టి ఆ రివాల్వర్లనే .45 ఏసీపీకి మార్చారు, మూడేసి తూటాలను గాడి దగ్గర పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు స్టీలు రేకు, అంటే హాఫ్‌మూన్ క్లిప్, దానికి తోడైంది. రెండు క్లిప్పులు వేస్తే ఆరు తూటాలు నిండినట్టే. తర్వాత వచ్చిన, తూటాలన్నిటినీ ఒకే రేకులో పట్టేదే మూన్ క్లిప్. రెండు కంపెనీలు కలిపి మూడు లక్షల దాకా ఎం1917 రివాల్వర్లు తయారుచేశాయి. కోల్ట్ తొలి రోజుల్లో చేసిన వాటిలో చాంబర్ ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకే కొలతలో ఉండేది, కాబట్టి క్లిప్పు లేకపోతే తూటా లోపలికి జారిపోయేది. స్మిత్ వారు చాంబర్‌లో షెల్లు మూతి ఆనడానికి ఒక మెట్టు ఉంచడంతో వారి తుపాకీ క్లిప్పు లేకపోయినా కాలేది. పాత ఎం1917 కొనేవారు ఈ తేడా తప్పక చూసుకోవాలి. 1920లో పీటర్స్ కంపెనీ అదే తూటాకు మందమైన రిమ్ము చేర్చి .45 ఆటో రిమ్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. దాన్ని క్లిప్పు అవసరం లేకుండా ఈ రివాల్వర్లలో వాడవచ్చు. షెల్లులు ఈనాటికీ దొరుకుతాయి.

క్లిప్పు లేకుండానే పని జరిపించాలని ప్రయత్నించినవారూ ఉన్నారు. 1980ల తొలి సంవత్సరాల్లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ 547లో 9 ఎం.ఎం. షెల్లు గాడిని పట్టుకునే ప్రత్యేకమైన ఎక్స్‌ట్రాక్టర్ పెట్టారు. పని బాగానే చేసేది, కానీ తయారీ క్లిష్టం. కొద్ది సంవత్సరాలకే ఆపేశారు. ఇప్పుడు ఛార్టర్ ఆర్మ్స్ కంపెనీ వారి పిట్‌బుల్ రివాల్వర్‌లో ఎక్స్‌ట్రాక్టర్‌కు స్ప్రింగు కొక్కేలు ఉంటాయి. తూటాలను విడివిడిగా వేసుకోవచ్చు, ఖాళీలు ఒక్కసారిగా వస్తాయి. క్లిప్పు బెడద లేకపోవడం నిజంగా మంచిదే. అయితే విడి తూటాలు ఒక్కొక్కటే వేయాలి కాబట్టి, ఈ తరహా రివాల్వర్‌కున్న అతి పెద్ద లాభం, అంటే నింపే వేగం, అక్కడే పోతుంది.

ఆ వేగం ఎంతటిదో చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. ప్రసిద్ధ రివాల్వర్ షూటర్ జెర్రీ మిచులెక్ 1999లో .45 ఏసీపీ స్మిత్ అండ్ వెస్సన్ 625తో ఆరు తూటాలు కాల్చి, ఖాళీలు పారబోసి, మళ్లీ నింపి, ఇంకో ఆరు కాల్చడానికి తీసుకున్న సమయం 2.99 సెకన్లు. ఆయనది అసాధారణమైన చెయ్యి అనేది నిజమే, కానీ తూటా ఆకారం సహకరించకపోతే అంతటి చెయ్యికి కూడా అది సాధ్యం కాదు. .38 స్పెషల్ పాత నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలపు కొలతలతో పుట్టిన తూటా. దాని షెల్లు పొడవు 29 మిల్లీమీటర్లకు పైనే, నేటి మందు పోస్తే లోపల సగానికి పైగా ఖాళీయే. 9 ఎం.ఎం. షెల్లు 19 మిల్లీమీటర్లు, .45 ఏసీపీది 23కు కాస్త తక్కువ. పొట్టి షెల్లులన్నీ ఒకే రేకుకు అంటుకుని ఉంటాయి కాబట్టి ఎజెక్టర్ కడ్డీని ఒక్కసారి కొడితే మొత్తం ముద్దగా ఊడిపడతాయి. చిన్న బ్యారెల్ ఉన్న .38 రివాల్వర్లలో కడ్డీ పొట్టిగా ఉండడం వల్ల పొడవాటి షెల్లులు పూర్తిగా బయటికి రాక, ఒకటి ఎక్స్‌ట్రాక్టర్ కిందికి జారి ఇరుక్కుపోవడం వాడినవారందరికీ తెలుసు. మూన్ క్లిప్‌తో ఆ ఇబ్బంది రాదు. నింపేటప్పుడు కూడా స్పీడ్‌లోడర్ (తూటాలన్నిటినీ ఒకేసారి నింపే పనిముట్టు) నాబు తిప్పి వదిలే పని లేదు. క్లిప్పును తూటాలతో సహా సిలిండర్‌లోకి వదలడమే, అది అక్కడే ఉండిపోతుంది.

తూటాలు స్వయంగా నింపుకునేవారికి ఇంకో లాభం ఉంది, నా మట్టుకు అదే పెద్దది. పిస్టల్ ఖాళీ షెల్లులను కుడివైపు గడ్డిలోకి విసిరేస్తుంది. సాయంత్రం వంగి వెతుక్కున్నా సగం దొరకవు. క్లిప్పులో ఉన్న షెల్లులు మాత్రం ఆరుకు ఆరూ చేతికి వస్తాయి. పైగా రివాల్వర్‌లో వెనక్కీ ముందుకీ కదిలే స్లైడు లేదు, తూటా మ్యాగజైన్ నుంచి ఏటవాలు మీదుగా చాంబర్‌లోకి ఎక్కాల్సిన అవసరమూ లేదు. కాబట్టి మందు తక్కువ పోసి మెత్తగా తన్నే తూటా చేసుకోవచ్చు, ముక్కు చదునుగా ఉన్న సీసపు గుండు పెట్టుకోవచ్చు. పిస్టల్ ఇరుక్కునే చోట రివాల్వర్ సాఫీగా నడుస్తుంది. తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తర్వాతి చాంబర్ వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి నేను మెత్తని .45 తూటాలు నింపిన 625 చేతికిస్తాను. కిలోకు పైగా బరువు, చదరపు అంగుళానికి గరిష్ఠంగా 21,000 పౌండ్ల ఒత్తిడికే పరిమితమైన తూటా, రెండూ కలిసి రీకాయిల్‌ను, అంటే తుపాకీ తన్నును, నెమ్మదైన తోపుగా మారుస్తాయి. భయపడుతూ వచ్చినవారు రెండో క్లిప్పుకే కుదుటపడతారు.

పోటీల సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు నడిపే సంఘం) రివాల్వర్ విభాగంలో చాలాకాలం ఆరు తూటాల .45దే రాజ్యం. గుండు బరువును గ్రెయిన్లలో (తూటాలకు వాడే చిన్న బరువు కొలమానం), వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టర్. అది కనీసం 165 ఉంటే మేజర్, అంతకు తక్కువైతే మైనర్. 230 గ్రెయిన్ల గుండు 830 అడుగుల వేగంతో వెళితే 190 వస్తుంది, అంటే .45కు మేజర్ లెక్క సులువుగా అందుతుంది. 2014లో మైనర్ లెక్కతో ఎనిమిది తూటాలకు అనుమతి ఇవ్వడంతో పరిస్థితి మారింది. ఎనిమిది తూటాల 9 ఎం.ఎం. స్మిత్ అండ్ వెస్సన్ 929 ఆ విభాగానికి సరిగ్గా సరిపోయింది. కానీ గెలిచే చేతుల్లో ఎక్కువగా కనిపించే మరో తుపాకీ 627. అది .357 మ్యాగ్నమ్ (.38 స్పెషల్ కన్నా పొడవైన, శక్తిమంతమైన తూటా) రివాల్వర్, దానికీ మూన్ క్లిప్ పడుతుంది, అందులో వాళ్లు వేసేది పాతకాలపు .38 షార్ట్ కోల్ట్ షెల్లు. దానికి రిమ్ము ఉంది, పొడవు మాత్రం 9 ఎం.ఎం. అంతే. అంటే వేగం వచ్చేది పొట్టి షెల్లు నుంచి, క్లిప్పు నుంచి. అది పిస్టల్ తూటాయే కానక్కర్లేదు. తూటాలు నింపుకునే అలవాటు ఉన్నవారు .357 సిలిండర్ వెనుక భాగాన్ని క్లిప్పు పట్టేలా కోయించుకుంటే, క్లిప్పుతోనూ క్లిప్పు లేకుండానూ వాడుకోగలిగే తుపాకీ చేతిలో ఉంటుంది. షెల్లులు కొనుక్కుని నింపుకునే ఓపిక లేనివారికి, అంగట్లో డబ్బా కొని నేరుగా రేంజికి వెళ్లేవారికి 9 ఎం.ఎం.ది పైచేయి అవుతుంది.

ఇప్పుడు ఆ రేకు సంగతి. చేతిలోకి తీసుకుని చూస్తే మూన్ క్లిప్ పువ్వు ఆకారంలో కోసిన స్టీలు రేకు, మందం మిల్లీమీటరు కూడా ఉండదు. తూటా గాడిని ఆ రేకు కోతలో పెట్టి నొక్కితే టక్కున కూర్చుంటుంది. దాన్ని నింపడానికి ఒక పనిముట్టు, ఖాళీలు తీయడానికి ఒక సన్నని గొట్టం లాంటి పనిముట్టు వస్తాయి. వట్టి వేళ్లతో కూడా చేయవచ్చు, కానీ నాలుగు క్లిప్పులయ్యేసరికి బొటనవేలు వాస్తుంది, అంతకన్నా ముఖ్యంగా ఖాళీలు తీసేటప్పుడు రేకు మెలిపడుతుంది. మెలిపడ్డ రేకు కంటికి బాగానే కనిపిస్తుంది. సిలిండర్ మూసి తిప్పితే మాత్రం తూటా అడుగు ఫ్రేముకు రాసుకుని ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది, లేదా సిలిండర్ ఒక చోట ఆగిపోతుంది. ఒక పోటీలో నా పక్క స్క్వాడ్ షూటర్‌కు సరిగ్గా స్టేజి మధ్యలో ఇదే జరిగింది. ఆయన ట్రిగ్గర్‌ను రెండు వేళ్లతో లాగినా సిలిండర్ కదల్లేదు. తుపాకీ చెడిపోయిందని అందరం అనుకున్నాం. క్లిప్పు తీసి అద్దం మీద పెడితే ఒక రేకు కొన గోరంత పైకి లేచి ఉంది. నింపిన క్లిప్పును ఇంట్లో తుపాకీలో వేయకూడదనేవారి పక్షాన ఉన్నాను కాబట్టి, నేను ప్రతి పోటీకి ముందు రోజు రాత్రి నింపిన ప్రతి క్లిప్పునూ తుపాకీ నుంచి విడదీసిన సిలిండర్‌లో వేసి, తూటా అడుగులన్నీ ఒకే మట్టంలో ఉన్నాయా అని స్టీలు బద్ద ఆనించి చూస్తాను. మెలిపడిన వాటిని సరిచేయడానికి ప్రయత్నించను, చెత్తబుట్టలో వేస్తాను.

క్లిప్పుకు, షెల్లుకు జత కుదరడం కూడా చూసుకోవాలి. షెల్లు గాడి లోతు, వెడల్పు అన్ని కంపెనీలలో ఒకేలా ఉండవు. ఒక కంపెనీ షెల్లులు బిగుతుగా పట్టే క్లిప్పులో ఇంకొకరివి వదులుగా ఊగుతాయి. వదులుగా ఊగే తూటాలు ఆరు చాంబర్లలోకి ఒకేసారి దిగవు, వేగం మొత్తం అక్కడే పోతుంది. అందుకే పోటీ షూటర్లు ఒకే కంపెనీ షెల్లులు, దానికి సరిపడే ఒకే రకం క్లిప్పులు పెట్టుకుంటారు. అంగట్లో ఏ డబ్బా చవకైతే ఆ డబ్బా కొనాలన్న మీ ఆలోచనకు ఇది అడ్డం వస్తుంది. చాలా కొత్త 9 ఎం.ఎం. రివాల్వర్లలో షెల్లు మూతి ఆనడానికి మెట్టు ఉంటుంది కాబట్టి క్లిప్పు లేకపోయినా కాలుతాయి, ఖాళీలను మాత్రం ఒక్కొక్కటే తోసుకోవాలి. మీరు చూసే మోడల్ సంగతి దానితో వచ్చే పుస్తకంలో చూసి నిర్ధారించుకోండి.

ఇంకో చిన్న విషయం ప్రైమర్‌ది, అంటే తూటా అడుగున ఉండి దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న మూతది. పిస్టల్ తూటాలలో, ముఖ్యంగా సైనిక అవసరాలకు చేసిన 9 ఎం.ఎం.లో, ప్రైమర్ గట్టిగా ఉండవచ్చు. ట్రిగ్గర్ తేలిక కావాలని స్ప్రింగు తగ్గించిన రివాల్వర్ వాటిని పేల్చలేక టిక్కుమని ఊరుకుంటుంది. పోటీ షూటర్లు ఫెడరల్ ప్రైమర్ల వెంట పడేది అవి మెత్తన కావడం వల్లనే. స్ప్రింగును ముట్టుకోకపోతే ఈ బాధ దాదాపు ఉండదు.

తేలిక రివాల్వర్‌కు అసలు ప్రమాదం వేరే ఉంది. .38 స్పెషల్ తూటాలో షెల్లు మూతిని గుండు మీది గాడిలోకి మడిచి బిగిస్తారు. 9 ఎం.ఎం. షెల్లు మూతి చాంబర్‌లో ఆనాలి కాబట్టి దాన్ని అలా మడవడానికి వీల్లేదు, కొద్దిగా నొక్కి వదులుతారు. పిస్టల్‌కు అది చాలు. అర కిలో కూడా తూగని రివాల్వర్‌లో మాత్రం ప్రతి కాల్పుకూ తుపాకీ చటుక్కున వెనక్కి లేస్తుంది. ఇంకా కాలని తూటాల షెల్లులను క్లిప్పు తనతో వెనక్కి లాగుతుంది, లోపలి గుండు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ఫలితంగా గుండు కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. పూర్తిగా ఊడితే మందు ఒలుకుతుంది, గుండు సిలిండర్ ముందుకు పొడుచుకువచ్చి సిలిండర్ తిరగకుండా ఆపేస్తుంది. అప్పుడు మళ్లీ ట్రిగ్గర్ నొక్కి తప్పించుకునే దారి ఉండదు, చేతిలో మిగిలేది బరువు మాత్రమే.

మీరు అలాంటి తుపాకీయే తీసుకుంటే, ఏ తూటా వాడాలో ఇలా తేల్చుకోండి. ఐదు తూటాలు వేసే ముందు ఒకదాని మొత్తం పొడవును కాలిపర్‌తో కొలిచి, అడుగున మార్కర్‌తో గుర్తు పెట్టండి. మిగతా నాలుగు కాల్చి, గుర్తు పెట్టినదాన్ని తీసి మళ్లీ కొలవండి. ఒక మిత్రుడి తేలిక రివాల్వర్‌తో మేమిద్దరం ఈ పరీక్ష చేసినప్పుడు 115 గ్రెయిన్ల మామూలు తూటా దాదాపు కదల్లేదు. 147 గ్రెయిన్ల ఒక రకం మాత్రం కాలిపర్ అవసరం లేకుండానే కంటికి తెలిసేంత సాగింది, షెల్లు మూతి దగ్గర అప్పటిదాకా లోపల దాగి ఉన్న గుండు భాగం కొత్తగా మెరుస్తూ కనిపించింది. బరువైన గుండుకు ఈ జరుగుడు ఎక్కువ. సాగిన రకాన్ని ఆ తుపాకీలో వాడకండి. అలా బయటికి తీసిన తూటాను మళ్లీ నొక్కి సరిచేసి వాడాలని కూడా చూడకండి. గుండు లోతుగా దిగితే ఒత్తిడి పెరుగుతుంది.

ఇక ఖర్చు లెక్క. అమెరికాలో 9 ఎం.ఎం. సాధన తూటా .38 స్పెషల్ కన్నా చవకన్నది నిజమే, తేడా బాగానే ఉంటుంది. కానీ తేలిక రివాల్వర్‌తో ఎవరూ గంటల తరబడి కాల్చరు, చెయ్యి ఒప్పుకోదు. 9 ఎం.ఎం. గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, అంటే .357 మ్యాగ్నమ్‌తో సమానం; .38 స్పెషల్‌ది 17,000. చిన్న బ్యారెల్‌లో 9 ఎం.ఎం.కు .38 కన్నా సాధారణంగా వేగం బాగా ఎక్కువ వస్తుంది, దానికి తగ్గట్టే తన్ను పదునుగా, చప్పుడు కటువుగా ఉంటాయి. కాబట్టి నెలకు ఒకటి రెండు డబ్బాలకు మించని వాడకంలో మిగిలే డబ్బు క్లిప్పులకు, పనిముట్లకే సరిపోతుంది. నెలకు వందల కొద్దీ కాల్చే పెద్ద రివాల్వర్‌కైతే ఆ పొదుపు నిజంగా చేతికందుతుంది. జేబులో అదనపు తూటాల సంగతి కూడా ఆలోచించండి. .38కు రబ్బరు స్పీడ్‌స్ట్రిప్, అంటే తూటాలను వరసగా పట్టి ఉంచే పట్టీ, జేబులో వంగి పడుకుంటుంది, నలిగినా ఏమీ కాదు. నింపిన మూన్ క్లిప్ గుండ్రంగా ఉబ్బుగా ఉంటుంది, తాళాల గుత్తితో కలిసి ఒత్తిడికి గురైతే పైన చెప్పిన వంకర వచ్చే అవకాశం ఉంది. దానికి గట్టి డబ్బీ ఉండాలి.

గురి విషయంలో ఒక మాట. కొన్ని 9 ఎం.ఎం. రివాల్వర్లలో సిలిండర్ .357 పొడవులోనే ఉంటుంది. పొట్టి తూటా గుండు బ్యారెల్ చేరేలోగా ఖాళీ చాంబర్ గొంతులో కొంత దూరం దూకాలి. మంచి తయారీలో ఇది పెద్ద లోపంగా కనిపించదు. రూగర్ బ్లాక్‌హాక్ వంటి, .357కు ఒకటి, 9 ఎం.ఎం.కు ఒకటి చొప్పున మార్చుకునే రెండు సిలిండర్ల సింగిల్ యాక్షన్ (ప్రతి కాల్పుకూ హామర్‌ను చేత్తో వెనక్కి లాగాల్సిన) రివాల్వర్లలో తేడా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ బ్యారెల్ .357 కొలతది, 9 ఎం.ఎం. గుండు కొలత .355. అయినా అలాంటి రివాల్వర్ నాకు ఇష్టమే. అందులో ఖాళీలను ఒక్కొక్కటే కడ్డీతో తోయడం మామూలు పద్ధతి కాబట్టి రిమ్ము లేకపోవడం, క్లిప్పు లేకపోవడం లోటు కావు. సాయంత్రం తీరిగ్గా కాల్చుకోవడానికి, చవక తూటాతో మొదలుపెట్టి మ్యాగ్నమ్ దాకా ఒకే తుపాకీతో నేర్చుకోవడానికి అంత మంచి సాధనం తక్కువ. మీ అసలు కోరిక రెండు తుపాకులకు ఒకే తూటా అన్నదే అయితే, ముందు దీన్నే పరిశీలించండి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. 9 ఎం.ఎం. తూటాను .38 లేదా .357 రివాల్వర్‌లో దూర్చాలని చూడకండి, దాని అడుగు .38 షెల్లు కన్నా లావు, సరిగా దిగదు, బలవంతంగా దించినా అది ఆ చాంబర్‌కు చేసిన తూటా కాదు. రెండోది, పాత సామాన్ల సంతల్లో .45 ఏసీపీకి మార్చిన బ్రిటిష్ వెబ్లీ ఎంకే 6 రివాల్వర్లు కనిపిస్తాయి. అమెరికాలో మిగులు తుపాకులు అమ్మినవారు వాటి సిలిండర్ వెనుక భాగాన్ని అరగదీసి హాఫ్‌మూన్ క్లిప్పుకు వీలుచేశారు. వాటి అసలు తూటా .455 చాలా తక్కువ ఒత్తిడిది. కంపెనీ .45 ఏసీపీ తూటా ఒత్తిడి దానికి చాలా ఎక్కువ. గోడకు తగిలించుకోవడానికి కొనండి, లేదా ఒత్తిడి తగ్గించి చేతితో నింపిన తూటాలకే పరిమితం కండి.

మీ రెండో ప్రశ్నకు, అంటే .32 రివాల్వర్‌లో .32 పిస్టల్ తూటా వాడవచ్చా అన్నదానికి, సమాధానం వద్దు అనే. ఇండియాలో సామాన్యులకు 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు, అంటే లైసెన్సు ఇవ్వని కొలత, కాబట్టి అక్కడ లైసెన్సుదారుల చేతుల్లో .32 ఎక్కువ. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ తూటాకు చేసినది. అదే సంస్థ అశని పిస్టల్ .32 ఏసీపీకి చేసినది. పేరులో రెండూ .32 కావడంతో, షెల్లు లావు దాదాపు ఒకటే కావడంతో, ఏసీపీకి సన్నని అరకొర రిమ్ము ఉండడంతో అది రివాల్వర్ చాంబర్‌లోకి దిగి కూర్చుంటుంది. దిగినంత మాత్రాన తగినది కాదు. లాంగ్ తూటా గరిష్ఠ ఒత్తిడి అమెరికా ప్రమాణాల ప్రకారం చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు, ఏసీపీది 20,500. షెల్లు 6 మిల్లీమీటర్లు పొట్టి. ఆ సన్నని రిమ్మును ఎక్స్‌ట్రాక్టర్ నమ్మకంగా పట్టుకోదు కూడా. మామయ్యగారికి లాంగ్ తూటాలు దొరకడం కష్టంగా ఉంటే, లైసెన్సు పుస్తకం పట్టుకుని జిల్లాలోని వేరే అధీకృత డీలర్ల దగ్గర అడగమనండి. డబ్బా మీద లాంగ్ అన్న మాట ఉందో లేదో కొనే ముందే చదవమనండి, ఇంట్లో ఇప్పటికే ఏసీపీ డబ్బా ఏదైనా ఉంటే దాన్ని రివాల్వర్ ఉన్న బీరువాలో ఉంచకుండా కొన్న డీలర్‌కే అప్పగించమనండి.